టికెట్ల పెట్టెలో పురుగులు

నేను ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. టికెట్ మిషన్లు వచ్చాక ఎవరికీ అక్కర్లేకుండా పోయిన అల్యూమినియం టికెట్ల పెట్టె ఒకటి మా ఇంట్లో ఉండేది. లోపల వరుసగా అరలు. 2023 నవంబరు నాటికి ఆ అరల్లో నా ఒంట్లోంచి తీసిన పురుగులు ఉన్నాయి. నల్లవి ఒక అరలో, తెల్లవి ఒక అరలో, పోగులా పొడుగ్గా ఉన్నవి మరొక అరలో. ఒక్కొక్కదాన్నీ సెల్లోటేపుకు అంటించి, కింద తేదీ, సమయం, ఒంట్లో దొరికిన చోటు రాసేవాణ్ని. ‘12-11, రాత్రి 2.40, ఎడమ పిక్క.’ అది దీపావళి నాటి తేదీ.

అవి పురుగులు కావని ఇప్పుడు రాయగలుగుతున్నాను. రాస్తున్నప్పుడు కూడా చేయి ఒక్క క్షణం ఆగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మాది కావలి. నాకు 65 ఏళ్లు. ఈ గొడవ మొదలయ్యేనాటికే పదకొండేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో కాస్త ఆగితే తెలుస్తుంది. నిజానికి కథ అసలైన పురుగుతోనే మొదలైంది. 2023 ఆగస్టులో మా మనవరాలు హాస్టల్ నుంచి వస్తూ గజ్జి తెచ్చింది. వారం తిరిగేసరికి నేను, మా ఆవిడ, కోడలు, మనవరాలు, నలుగురమూ గోక్కుంటూ కూర్చున్నాం. చర్మం డాక్టరు పర్మెత్రిన్ క్రీము రాశారు. మెడ నుంచి అరికాళ్ల దాకా ఎక్కడా వదలకుండా రాత్రి పూసుకోవాలి, పొద్దున కడుక్కోవాలి, వారానికి మళ్లీ ఒకసారి పూయాలి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి పూసుకోవాలి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. అన్నీ చేశాం. రెండో పూత ఆగస్టు 29న. ముగ్గురికీ పోయింది. నాకు పోలేదు.

గజ్జి పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండవచ్చని డాక్టరు ముందే చెప్పారు. నేను క్యాలెండరు మీద గీతలు పెట్టుకున్నాను. సెప్టెంబరు 26కు నాలుగు వారాలు నిండాయి. 27న దురద ఉంది. ఆ పొద్దునే నా బుర్రలో తీర్పు రాసేసుకున్నాను: అది చావలేదు, లోపలికి దిగింది.

ఆ పాకడం ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే పక్కనున్నవాళ్లు దాన్ని అనుమానం అనుకుంటారు. మోకాలి కింద చీమ ఒకటి బయలుదేరినట్టు ఉంటుంది. పైకి వస్తుంది, ఆగుతుంది, మళ్లీ కదులుతుంది, చటుక్కున కుడుతుంది. దీపం వేసి చూస్తే ఏమీ ఉండదు. గోరుతో గీకితే ఏదో ఒకటి రాలుతుంది. నల్ల చుక్కో, తెల్ల పోగో. రాలింది గనక అదే పురుగు. ముప్పై ఏళ్లు టికెట్ లేనివాణ్ని పట్టుకున్న మనిషిని. కిక్కిరిసిన బస్సులో వెనక సీటు కింద దాక్కున్నవాడే నా కంటికి దొరికేవాడు, నా ఒంట్లో దాక్కున్నది దొరకదా అనుకున్నాను. నా పట్టుదలంతా అదే.

అక్టోబరు నెలంతా యుద్ధం. వేపాకు నీళ్లు, పసుపు, గంధకం సబ్బు అయ్యాక డెట్టాల్ నీళ్లలో కలపకుండా పూశాను. తర్వాత కిరోసిన్. తర్వాత ఫినాయిల్, అది కూడా. పరుపు పెరట్లో తగలబెట్టాను. పురుగుల మందు కొట్టేవాళ్లను నెల్లూరు నుంచి రెండుసార్లు పిలిపించాను. రెండోసారి వచ్చిన కుర్రాడు, “ఇంట్లో బొద్దింక కూడా లేదు పెద్దాయనా” అన్నాడు. వాడికి పని రాదని తేల్చేశాను. జుట్టులో గుడ్లు పెడుతున్నాయని గుండు కొట్టించుకున్నాను. వీధిలో కనబడినవాళ్లందరూ “తిరుపతి వెళ్లివచ్చారా? ప్రసాదం ఏది?” అని అడగడమే. నవ్వేసి ఊరుకునేవాణ్ని.

ఇంట్లోకి ఎవరొచ్చినా గుమ్మం దగ్గరే బట్టలు మార్చుకోవాలని పట్టుపట్టాను. కోడలు పది రోజులు ఓర్చుకుంది. ఒకరోజు, “మామయ్యా, ఒంగోలు వెళ్లి కొన్నాళ్లు మా అమ్మ దగ్గర ఉండివస్తాను” అంది. ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అక్టోబరు చివర్లో పెట్టెలోంచి ఐదు నమూనాలు తీసి ఒక ల్యాబుకు ఇచ్చాను. నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది: నూలు పోగులు, చర్మపు పొలుసులు, ఎండిన రక్తపు పెచ్చు. పరాన్నజీవులు కనబడలేదు. ల్యాబు మారుద్దామనుకున్నానే తప్ప నేను మారలేదు. నవంబరులో మరో ఇద్దరు చర్మం డాక్టర్ల దగ్గరకు వెళ్లాను. ఒకరు పెట్టె మూత కూడా తీయనివ్వకుండా మళ్లీ క్రీము రాశారు. ఇంకొకరు తలెత్తి చూసి, “ఇదంతా మీ మనసులోనే ఉంది” అన్నారు. రెండు గంటలు కూర్చోబెట్టి నాలుగు నిమిషాలు చూశారు. ఆ మాట సత్యమేనని ఇప్పుడు తెలుసు. కానీ ఆ సత్యం నన్ను ఇంకో నెల వెనక్కి తోసింది. ఇంటికి వచ్చి భూతద్దం కొన్నాను.

డిసెంబరు 4 రాత్రి మిచౌంగ్ తుఫాను. కావలిలో కరెంటు పోయింది, గాలికి తలుపులు కొట్టుకుంటున్నాయి. నోట్లో టార్చి పెట్టుకుని, సూది కొవ్వొత్తికి కాల్చి, ఎడమ పిక్క మీద పురుగు దిగిన రంధ్రం అనుకున్నచోట తవ్వాను. నొప్పి తెలియలేదు, పని మీద ఉన్నాను మరి. మా ఆవిడ మంచం మీద లేచి కూర్చుని చూస్తోంది. ఆపమని అనలేదు. కాసేపటికి తన చేయి చాచి, “ఏమండీ, నాకూ ఇక్కడ ఏదో పాకుతున్నట్టుంది, చూడండి” అంది. ఎంత సంతోషించానో చెప్పలేను. నాలుగు నెలలకు నా మాటకు సాక్షి దొరికింది.

షుగరు ఉన్న కాలు. వారానికల్లా పుండు చీము పట్టింది. నెల్లూరులో ఉండే మా అమ్మాయి డిసెంబరు 12న వచ్చి ఏమీ వాదించకుండా, “నాన్నా, పుండు చూపిద్దాం. పెట్టె కూడా తెచ్చుకో” అంది. నాకు తర్వాత తెలిసింది, అంతకుముందు రోజు 14416కు ఫోను చేసిందట. అది టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ నంబరు, తెలుగులో మాట్లాడతారు. పురుగులు ఉన్నాయా లేవా అనే వాదనలోకి దిగొద్దు, ముందు చర్మం డాక్టరుకు చూపించండి అన్నారట.

నెల్లూరు పొగతోటలో ఆసుపత్రులకు కొదవేమీ లేదు. మా అమ్మాయి తీసుకెళ్లినావిడ చర్మం డాక్టరు, నలభై లోపు వయసు. పుండు చూసి కట్టు కట్టించి, యాంటీబయాటిక్ రాసి, పెట్టె వైపు చూసింది. “తెరవండి బాబాయ్ గారూ.” తెరిచాను. అరలు చూసి, తేదీలు చూసి, “ఇంత శుభ్రంగా ఎవరూ తేలేదు” అంది. నాలుగు టేపులు తనే ఎంచి మైక్రోస్కోపు కింద పెట్టింది. నా వేళ్ల సందుల్లోంచి, మణికట్టు నుంచి కొత్తగా గీకి గాజుపలక మీద మందు చుక్క వేసి అదీ చూసింది. నన్నూ చూడమంది. ఇరవై నిమిషాలు పట్టింది. బయట జనం గొణుగుతున్నారు.

తర్వాత కేసు షీటు మీద రాస్తూ పైకి చదివింది: “ఈ రోజు చూసినవాటిలో పురుగు లేదు. రోగికి ఒళ్లంతా పాకుతున్నట్టు, కుడుతున్నట్టు ఉంది. నాలుగు నెలలుగా నిద్ర లేదు.” పెన్ను ఆపి, “రెండూ రాశాను, చూడండి” అంది. ప్రతి స్టేజీలో లెక్క రాసి సంతకం పెట్టిన బతుకు నాది. నా బాధ ఒక కాగితం మీద ఎక్కడం అదే మొదటిసారి. పురుగు లేదన్న మొదటి వాక్యం మీద ఎందుకో కోపం రాలేదు.

రక్తపరీక్షలు రాసింది: రక్తకణాలు, మూడు నెలల షుగరు, థైరాయిడ్, కిడ్నీ, లివరు, బి12. మర్నాటికి వచ్చాయి. మూడు నెలల షుగరు 8.4 శాతం. బి12 మాత్రం 148, ఆ ల్యాబు కాగితం మీద 200కు పైన ఉండాలని ఉంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గుతుందని, తగ్గితే నరాల్లో చిమచిమలు రావచ్చని అప్పుడు తెలిసింది. పదకొండేళ్లలో ఒక్కసారీ ఆ పరీక్ష చేయించుకోలేదు. నాలా మాత్ర మింగుతున్నవాళ్లు మీ డాక్టరును ఒక మాట అడగండి.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. అంతటితో అయిపోతుందనుకున్నాను. ఆవిడ, “ఇంకొకరు కూడా చూడాలి. శనివారం శనివారం ఇక్కడికే వస్తారు, నేనూ ఉంటాను” అంది. ఎవరని అడిగితే దాచలేదు, మానసిక వైద్యుడు అంది. లేచి వచ్చేశాను. పిచ్చివాణ్నా నేను? కోవూరు దాటేదాకా మా అమ్మాయితో మాట్లాడలేదు. ఆ డాక్టరు రాసిన రెండు వాక్యాలు లేకపోతే మళ్లీ వెళ్లేవాణ్ని కాదు.

డిసెంబరు 23న వెళ్లాను. వరండాలో మా డిపో వాళ్లు ఎవరైనా కనబడతారేమోనని మాస్కు పెట్టుకున్నాను. ఆయన పురుగుల ఊసే ఎత్తలేదు. ఎన్నింటికి పడుకుంటారు, తాగుడు ఉందా, ఒక్కసారిగా మానేశారా, మత్తుమందులు వాడారా, పార్కిన్సన్స్ జబ్బుకు మందులేమైనా వాడుతున్నారా, మతిమరుపు ఉందా, చనిపోవాలని అనిపించిందా. కొన్ని మందులూ మత్తుపదార్థాలూ కూడా ఇలా పాకుతున్నట్టు చేస్తాయట. చివరి ప్రశ్నకు నేను సమాధానం చెప్పలేదు. ఆయన ఆగారు. తుఫాను రాత్రి ఒకసారి అనిపించిందని చెప్పాను. మా ఆవిడకు కూడా అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత పెట్టె అడిగారు. ఒడిలో పెట్టుకుని చూస్తూ, “పెద్దాయనా, ఇలాంటి పెట్టె తెచ్చింది మీరు మొదటివారు కాదు” అన్నారు. ఒంట్లో పురుగులు లేకున్నా ఉన్నాయని గట్టిగా నమ్మే ఈ జబ్బును డెల్యూజనల్ పారాసైటోసిస్ అంటారట. 1938లో ఎక్‌బోమ్ అనే స్వీడన్ డాక్టరు దీన్ని వివరంగా రాశాడట, ఆయన పేరుతోనూ పిలుస్తారట. నడివయసు దాటినవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువట. రోగులు అగ్గిపెట్టెల్లో, సీసాల్లో నమూనాలు పెట్టుకుని వస్తారు గనక డాక్టర్లు దానికి ‘అగ్గిపెట్టె గుర్తు’ అని పేరే పెట్టుకున్నారట. ఇప్పుడు ఫోన్లలో ఫొటోలు తెస్తున్నారట.

నాకు ఒకేసారి రెండు కలిగాయి. ఒకటి అవమానం. ఇంత శ్రమపడి పోగుచేసినదానికి ముందే ఒక పేరుందా! రెండోది, ఎక్కడో స్వీడన్‌లో ఎవడో నాలాగే రాత్రి రెండున్నరకు లేచి కాలు గీక్కుంటూ కూర్చున్నాడన్న ఊరట.

మందు రిస్పెరిడోన్. ముందు ఈసీజీ తీశారు. అర మిల్లీగ్రాముతో రాత్రిపూట మొదలుపెట్టి, వారానికి ఒకటి, ఆ తర్వాత రెండు చేశారు. నా మోతాదు నాది, ఎవరూ దాన్ని చూసి కొనుక్కోవద్దు. పురుగులు పోతాయని ఆయన అనలేదు, ఉన్నాయనీ లేవనీ అనలేదు. “పాకడం మీద మీకు ధ్యాస తగ్గుతుంది, నిద్ర పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు చూద్దాం” అన్నారు.

ఎనిమిదో రోజున మా అల్లుడు ఫోన్లో మాత్ర పేరు కొట్టి చూసి, “మామయ్యా, ఇది స్కిజోఫ్రీనియా అనే పెద్ద మానసిక జబ్బుకు ఇచ్చే మందు” అన్నాడు. మంచి ఉద్దేశంతోనే చెప్పాడు. అట్ట తీసుకెళ్లి మురుగుకాలవలో పారేశాను. రెండు వారాలకు పైగా మింగలేదు. సంక్రాంతికి అందరూ వచ్చేసరికి నేను మళ్లీ టార్చితో పెరట్లో ఉన్నాను. చివరికి చర్మం డాక్టరుకే ఫోను చేశాను, దులిపేద్దామని. ఆవిడ అంతా విని, “ఆస్పిరిన్ జ్వరానికీ వాడతారు, గుండెజబ్బుకూ వాడతారు. మీరు గుండెకు మింగుతుంటే జ్వరమొచ్చిందని ఎవరైనా అంటారా?” అంది. ఒక్క ముక్క. ఆ రాత్రి నుంచి మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ అర మిల్లీగ్రాము నుంచే. అది 2024 జనవరి 17.

మొదటి రెండు వారాలు నిద్ర తప్ప ఏమీ రాలేదు. నిద్ర మాత్రం వచ్చింది. ఎలాంటి నిద్ర అంటే పాలవాడు బెల్లు కొట్టి వెళ్లిపోయేవాడు. పాకడం అలాగే ఉంది. మందు పనిచేయడం లేదని నాలుగుసార్లు ఫోను చేశాను.

ఎప్పుడు తగ్గిందని అడిగితే చెప్పలేను. ఫిబ్రవరి రెండో వారంలో ఒక పొద్దున పేపరు చదువుతుంటే, పెట్టె తెరిచి రెండు రోజులైందని గుర్తొచ్చింది. లేచి వెళ్లి తెరిచాను. చివరి టేపు మీద 9-2 అని ఉంది. ఇంకొకటి అంటించడానికి కాలు గీకి చూశాను, రాలింది. అంటించకుండా కూర్చున్నాను. తర్వాత్తర్వాత పాకడం సాయంత్రాలకే పరిమితమైంది, మార్చి చివరికి పక్కింటి టీవీ మోతలా ఎక్కడో ఉండి లేనట్టు అయింది.

మందు ఊరికే ఏమీ ఇవ్వలేదు. నాలుగు కిలోలు బరువు పెరిగాను, షుగరు మాత్ర ఇంకొకటి చేరింది. రెండు మిల్లీగ్రాములకు వచ్చాక కాఫీ గ్లాసు చేతిలో వణికింది, చొక్కా మీద పడింది. నడక కొయ్యబొమ్మలా అయిందని మా ఆవిడ అంటే, వచ్చే శనివారం దాకా ఆగకుండా ఫోను చేశాం. డాక్టరు ఒకటికి తగ్గించారు, పది రోజుల్లో సర్దుకుంది. ఇలాంటివి చెప్పకుండా మందు మానేయడం కంటే ఫోను చేసి విసిగించడం నయం. నేను రెండూ చేసినవాణ్ని.

మా ఆవిడ సంగతి చెప్పాలి. తన పాకుడుకు ఆయన మందేమీ ఇవ్వలేదు. పది రోజులు కూతురింట్లో ఉండిరమ్మన్నారు. నాకు దూరంగా నాలుగో రోజుకే పోయిందట. కలిసి కాపురం చేస్తే నమ్మకం కూడా అంటుతుందని, వేరుగా ఉంచితే చాలాసార్లు దానంతటదే పోతుందని చెప్పారు. ఇంటికి వచ్చాక ఆమెకు ఒక్కటే నియమం: నేను పురుగు చూపిస్తే ఉంది అనకూడదు, లేదు అనకూడదు. “రాత్రి నిద్ర పట్టిందా?” అని అడగాలి. పాపం, నెల రోజులు రోజుకు ఇరవైసార్లు నిద్ర పట్టిందా అని అడిగింది. అప్పట్లో చిరాకు పడ్డాను.

లెక్కలు రాసే అలవాటు గనక చెబుతాను. ఆ పొగతోట తలుపు తట్టేదాకా అయిన ఖర్చు: డాక్టర్లు, మందులు 11,200. పురుగుల మందు రెండుసార్లు 7,000. కొత్త పరుపు, దుప్పట్లు 14,500. ల్యాబు, భూతద్దం 1,350. మొత్తం 34,050 రూపాయలు. తర్వాత ఆరు నెలలకు: రక్తపరీక్షలు 2,850, ఈసీజీ 300, ఇద్దరు డాక్టర్ల ఫీజులు 3,600, మాత్రలు, ఇంజెక్షన్లు 2,940. మొత్తం 9,690. బస్సుకు రిటైరైనవాడి పాసు ఉంది గనక నా ఛార్జీలు కలపలేదు.

ఏడాది పైన ఒక మిల్లీగ్రాము మీద ఉన్నాను. 2025 మార్చిలో అరకు తగ్గించారు. ఆపేస్తే కొందరికి తిరగబెడుతుందని, తొందర లేదని అన్నారు. నాకూ లేదు. కోడలు 2024 ఉగాదికే వచ్చేసింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది, అలవాటుగా. నేను లోపలికి నడిచాను, చూడనట్టు.

నన్ను నయం చేసింది ఏది? నాకు లోలోపల బి12 ఇంజెక్షనే అని ఉంది, గౌరవంగా కూడా ఉంటుంది. మానసిక వైద్యుడితో అంటే, “అలాగే అనుకోండి, మాత్ర మాత్రం మానకండి” అన్నారు. మా ఆవిడ లెక్క వేరే. 2024 జులైలో నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్లి, స్వర్ణాల చెరువులో దిగి, నా కోసం ఆరోగ్య రొట్టె పట్టింది. కోరిక తీరితే మరుసటి ఏడు అదే చెరువులో నిలబడి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి గదా. అందుకని 2025 జులైలో నన్నూ తీసుకెళ్లింది.

మోకాళ్ల లోతు నీళ్లు, ఇసుక వేస్తే రాలనంత జనం. మా ఆవిడ కొంగులో రొట్టెలు పట్టుకుని “ఆరోగ్య రొట్టె, ఆరోగ్య రొట్టె” అని పిలుస్తోంది. ఒకావిడ వచ్చి చేతులు చాచి, తీసుకునేముందు నా వైపు తిరిగి అడిగింది, “ఏం జబ్బు నయమైందండీ?”

నిండు బస్సులో చివరి సీటుదాకా వినబడేలా అరిచిన గొంతు నాది. పిక్క మీది మచ్చ నీళ్లలో ఉంది, ఎవరికీ కనబడదు.

“దురద” అన్నాను.

మా ఆవిడ నా వంక చూసి, రొట్టె తుంచి ఆమె చేతిలో పెట్టింది.